సలహా ఇవ్వకుండా ఆగడం మధ్యవర్తులకు ఎలా నేర్పాలి?

కొత్త మధ్యవర్తులకు ట్రైనింగ్ ఇస్తున్నాను, ఒకచోట గట్టిగా ఇరుక్కుపోయాను. 1994లో రాబర్ట్ బుష్, జోసెఫ్ ఫోల్జర్ అనే ఇద్దరు అమెరికన్ ప్రొఫెసర్లు చెప్పిన ట్రాన్స్‌ఫర్మేటివ్ పద్ధతి మాది, అంటే ఎలాగోలా రాజీ కుదిర్చేయడం కాదు, ఇద్దరికీ తమ మాట తాము చెప్పుకునే ధైర్యం రావాలి, ఎదుటివాళ్ల బాధ కాస్తయినా కనబడాలి. థియరీ అడిగితే అందరూ గడగడా చెప్పేస్తారు. నిన్న రోల్‌ప్లేలో ఒకామె "మీటింగుల్లో నన్నెప్పుడూ పట్టించుకోలేదు" అని గొంతు పూడుకుపోయి ఆగిందో లేదో, మా ట్రైనీ పెన్ను తీసి "సరే, వారానికోసారి విడిగా మాట్లాడుకుంటే ఓకేనా?" అనేశాడు! ఆమె మాటనే ఆమెకు తిరిగి వినిపించి ఊరుకుంటే చాలు కదా. అలాగని మరీ నోరు కట్టేస్తే చిలకల్లా ప్రతి మాటా అప్పజెబుతున్నారు, అదీ చిరాకే. మౌనాన్ని భరించడం నేర్పే ఎక్సర్‌సైజులు మీరెవరైనా చేయించారా? రోల్‌ప్లేని మధ్యలో ఆపి సరిదిద్దాలా, చివరిదాకా సాగనిచ్చి తర్వాత మాట్లాడాలా?