పదితో ఆగిన చదువు, ఇప్పుడు సొంతంగా ఎలా సాగించాలి?

అందరికీ నమస్కారం. మాది చీరాల దగ్గర. వయసు 34, బట్టల కొట్లో పని. పొద్దుట్నుంచి రాత్రి దాకా ఎవరో ఒకరు చెప్పింది చెయ్యడమే. సెలవు దొరికితే మాత్రం వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్తా. 1918లో పెట్టిన గ్రంథాలయం, పాత పత్రికలు బోలెడు. అక్కడ రెండు గంటలు కూర్చుంటే నామీద ఎవరి పెత్తనమూ ఉండదు. (మా ఆవిడ ఫోన్ చేసేదాకా!)

చరిత్రంటే ఇష్టం. దొరికింది దొరికినట్టు చదివేస్తున్నా, నెల తిరిగేసరికి ఏమీ గుర్తుండట్లేదు. గురువు లేకుండా చదువుకున్నవాళ్లు నోట్సు ఎలా రాసుకున్నారు? ముందు ఒకే కాలం పట్టుకోవాలా?

ఇంకోటి. ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టమని ఇంట్లో పోరు. పరీక్ష అనగానే ఈ ఇష్టం కాస్తా పోతుందేమోనని భయం. మీలో ఎవరికైనా అలా అయిందా?