అప్‌డేట్: పిల్లలున్న ఇంట్లో కొండపల్లి బొమ్మలు

ఇద్దరు పిల్లల మధ్య నా కొండపల్లి బొమ్మల్ని ఎలా కాపాడుకోవాలని అడిగాను కదా, సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. దశావతారాలు, అంబారీ ఏనుగు అద్దాల బీరువా పై అరలోకి ఎక్కాయి. ఈ బొమ్మలు చేసే పొణికి చెక్క మెత్తన. చేతులూ కాళ్లూ విడిగా చెక్కి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు, కిందపడితే ముందు ఊడేవి అవే. తడిగుడ్డ తగలనివ్వట్లేదు, మెత్తటి బ్రష్‌తో దులపడమే.

పిల్లల చేతికి ఏటికొప్పాక లక్క బొమ్మలిచ్చాం. అంకుడు కర్ర, సహజ రంగులు, నున్నటి అంచులు. మరీ చిన్న ముక్కలున్నవి పక్కన పెడితే టెన్షన్ లేదు. ఆదివారాలు మాత్రం చాప పరిచి కూర్చోబెట్టి, బీరువాలోవి ఒక్కొక్కటే చేతికిస్తున్నాను. తాటిచెట్టెక్కే కల్లుగీత బొమ్మని చిన్నది "కోతి తాత" అంటోంది!

తాళం వేయమన్నవాళ్లకు: వేయలేదు, మా అమ్మ ఒప్పుకోలేదు. సంక్రాంతి కొలువుకి ఎలాగూ అన్నీ బయటికే.