మొదటి కస్టమ్ వాటర్ కూలింగ్: నా లిస్టు చూసి చెప్పండి

బెజవాడ_బిల్డ్:
అందరికీ నమస్తే. నా దగ్గరున్నవి రైజెన్ 7 7800ఎక్స్3డీ ప్రాసెసర్ (సీపీయూ), ఆర్‌టీఎక్స్ 4080 గ్రాఫిక్స్ కార్డు, లియన్ లీ ఓ11 డైనమిక్ ఈవో కేస్. సీపీయూ మీద ఇప్పుడు 360 ఎంఎం ఏఐవో (రెడీమేడ్ వాటర్ కూలర్) ఉంది. గేమ్ పెట్టిన పది నిమిషాలకే కార్డు ఫ్యాన్ల గోల హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా వినిపిస్తోంది. పైగా విజయవాడ ఎండల సంగతి తెలిసిందే, మే నెలలో ఏసీ వేయకపోతే గదిలోనే 36, 37 ఉంటుంది. అందుకని కస్టమ్ లూప్ (విడి భాగాలతో మనమే కట్టుకునే వాటర్ కూలింగ్) వేద్దామని రాసుకున్న లిస్టు ఇది: సీపీయూకి, కార్డుకి బ్లాకులు (చిప్ వేడిని నీళ్లకి అందించే లోహపు ముక్కలు), కేస్ పైభాగంలో 60 ఎంఎం మందం ఉన్న 360 రేడియేటర్ ఒకటి, డీ5 రకం పంపు-రిజర్వాయర్ (నీళ్ల ట్యాంకు) కాంబో, 14 ఎంఎం పీఈటీజీ (గట్టి ప్లాస్టిక్) హార్డ్ ట్యూబ్, పాలలా తెల్లగా ఉండే కూలెంట్. ఒకచోట అల్యూమినియం రేడియేటర్ సగం ధరకే వస్తోంది, తీసుకోవచ్చా? అసలు ఏసీ లేకుండా ఇది పనిచేస్తుందా? మొహమాటం లేకుండా చెప్పండి.

లూప్_బాబాయ్:
అల్యూమినియం వద్దు తమ్ముడూ, ఊరికే ఇచ్చినా వద్దు. నీ బ్లాకులు రాగివి, పైన నికెల్ పూత. రాగి, అల్యూమినియం ఒకే నీళ్లలో ఉంటే అల్యూమినియం తుప్పు పట్టి అరిగిపోతుంది, ఆ చెత్తంతా వచ్చి బ్లాకు లోపలి సన్నటి ఫిన్‌ల (పలుచటి రేకుల) మధ్య ఇరుక్కుంటుంది. రేడియేటర్ రాగి-ఇత్తడిదే కొను.

ఇక ఆ 60 ఎంఎం సంగతి. రేడియేటర్ 60, ఫ్యాన్ 25, మొత్తం 85. టేపు పట్టుకుని కేస్ పైనుంచి మదర్‌బోర్డు హీట్‌సింక్ దాకా కొలిచి చూడు, అంత చోటు ఉండదు. దాని బదులు 30 ఎంఎం దగ్గర ఉండే సన్నవి రెండు తీసుకుని ఒకటి పైన, ఒకటి కింద పెట్టు. 4080 ఫుల్ లోడ్‌లో 320 వాట్లు లాగుతుంది, నీ సీపీయూ గేమ్‌లో వందలోపే. ఈ 400 వాట్ల వేడి ఒక్క 360 మీద పడితే ఫ్యాన్లు గట్టిగా తిరగాల్సిందే, అంటే ఏ గోల వద్దనుకుని మొదలుపెట్టావో అదే మళ్లీ. రెండుంటే వెయ్యి ఆర్‌పీఎం చుట్టుపక్కల సరిపోతుంది.

ఏసీ లేకపోతే పనిచేస్తుంది, కానీ నీళ్లు గది కంటే చల్లగా ఎప్పటికీ ఉండవు. రెండు రేడియేటర్లతో నీళ్లు గది వేడి కంటే ఓ పది డిగ్రీలు పైన ఉంటాయనుకో, 37 గదిలో 47. డీ5 పంపుకి నీటి వేడి పరిమితి 60, కాబట్టి భయం లేదు. అయితే జీ1/4 (ఫిట్టింగుల మర) సైజులో నీటి టెంపరేచర్ సెన్సర్ ఒకటి తప్పకుండా పెట్టి, ఫ్యాన్ కర్వ్ (ఎంత వేడికి ఎంత స్పీడో చెప్పే సెట్టింగ్) దానికి కట్టు. సీపీయూ టెంపరేచర్‌కి కడితే బ్రౌజర్ తెరిచినా ఫ్యాన్లు పైకీ కిందికీ ఊగుతూ చంపుతాయి.

సైలెంట్_సికింద్రాబాద్:
బాబాయ్ చెప్పినవన్నీ కరెక్టే, కానీ నేనైతే ముందు ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుండా కార్డు పవర్ లిమిట్ 80 శాతానికి దించి, అండర్‌వోల్ట్ చేసి (చిప్‌కి వెళ్లే వోల్టేజీ తగ్గించి) చూడమంటాను. ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) తగ్గేది తక్కువ, గోల మాత్రం బాగా తగ్గుతుంది. దానితో తృప్తి పడితే అక్కడే ఆగిపో బ్రో. ఇంకోటి, సీపీయూ టెంపరేచర్ల మీద ఆశలు పెట్టుకోకు. 7800ఎక్స్3డీలో అదనపు కాష్ (వేగంగా పనిచేసే మెమరీ) కోర్లున్న చిప్ మీదే పేర్చి ఉంటుంది, వేడి పైకి రావడమే కష్టం, నీళ్లు ఎంత చల్లగా ఉన్నా ఏఐవో కంటే పెద్ద తేడా కనిపించదు. లూప్ లాభమంతా కార్డుకే.

ఓరింగ్:
బెజవాడ గారూ, కార్డు బ్లాకు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నా. 4080 అని ఉంటే చాలనుకోకండి. ఒక్కో కంపెనీ బోర్డు ఒక్కో రకం, ఒకే కంపెనీలో కూడా మోడల్‌కీ మోడల్‌కీ మారుతుంది. మీ కార్డు పూర్తి పేరు పెట్టి బ్లాకు తయారీదారు ఇచ్చే లిస్టులో వెతకండి, అక్కడ లేకపోతే ఆర్డర్ పెట్టొద్దు. కూలర్ విప్పితే వారంటీ ఉంటుందో పోతుందో కార్డు కంపెనీకి మెయిల్ రాసి, జవాబు దాచుకోండి. పాత కూలర్, స్క్రూలు, అన్నీ ఒక డబ్బాలో వేసి పెట్టండి.

ట్యూబ్ మాత్రం మొదటిసారి సాఫ్ట్‌దే తీసుకోండి. హార్డ్ ట్యూబ్ అంటే హీట్ గన్, వంపులు, కోతలు, ప్రతి పార్టు మార్చినప్పుడు మళ్లీ అదే తంతు. నల్లటి ఈపీడీఎం (రబ్బరు) ట్యూబ్ అందంగా ఉండదు కానీ ఏళ్ల తరబడి ఉంటుంది. లోపల 10, బయట 16 ఎంఎం ట్యూబ్ అయితే సులభంగా మడత పడదు, ఫిట్టింగులు కూడా సరిగ్గా అదే సైజువి ఉండాలి. చాలామంది బడ్జెట్ తప్పేది ఈ ఫిట్టింగుల దగ్గరే: పంపుకి రెండు, రెండు బ్లాకులకి నాలుగు, రెండు రేడియేటర్లకి నాలుగు, ఇప్పటికే పది. మూడు నాలుగు 90 డిగ్రీల రోటరీలు (తిరిగే వంపు ఫిట్టింగులు), నీళ్లు తీసేసే డ్రెయిన్‌కి ఒక టీ (మూడు దారుల ఫిట్టింగ్), ఒక బాల్ వాల్వ్ వేరే. ఆ తెల్ల కూలెంట్‌లో ఉండేది సన్నటి పొడి, కొన్నాళ్లకి ఫిన్‌లలో పేరుకుంటుంది. ఫొటోలకి బాగుంటుంది అంతే.

బెజవాడ_బిల్డ్:
థాంక్స్ అండీ, లిస్టు మొత్తం మారిపోయింది! పవర్ లిమిట్ ఈ రాత్రికే చూస్తాను, కానీ లూప్ వేయాలన్న సరదా మాత్రం పోదు. ఇంకో సందేహం, ఇంట్లో ఆర్వో నీళ్లు పోయొచ్చా? లేకపోతే బంకులో దొరికే బ్యాటరీ వాటర్?

లూప్_బాబాయ్:
ఆర్వో నీళ్లలో లవణాలు కొంత మిగిలే ఉంటాయి, వద్దు. బ్యాటరీ వాటర్ రేడియేటర్లు కడగడానికి వాడుకో. కొత్త రేడియేటర్‌లో టంకం తాలూకు ఫ్లక్స్ ఉంటుంది, ఆ నీళ్లు వేడి చేసి పోసి, రెండు చివర్లూ మూసి బాగా ఊపి, బయటికొచ్చే నీళ్లు తేటగా అయ్యేదాకా కడుగు. చివరికి నింపేది మాత్రం రంగు లేని రెడీమేడ్ కూలెంట్, అందులో తుప్పుకీ నాచుకీ మందు కలిపే ఉంటుంది.

నింపేటప్పుడు పంపుకి మాత్రమే కరెంటు ఇవ్వు, మదర్‌బోర్డు, కార్డు కేబుళ్లన్నీ పీకేసి, ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) 24 పిన్‌కి, మదర్‌బోర్డు లేకుండానే ఆన్ అయ్యేలా జంపర్ పెట్టి. రిజర్వాయర్ ఖాళీ అయ్యేలోపు ఆపి మళ్లీ నింపు, డీ5కి ఆ నీళ్లే కందెన, పొడిగా తిరగకూడదు. ప్రతి ఫిట్టింగ్ కింద టిష్యూ పెట్టి ఒక రోజంతా తిరగనివ్వు.

ఓరింగ్:
డ్రెయిన్ వాల్వ్ లూప్‌లో అన్నిటికంటే కింద రావాలి, మీ కేస్‌లో అంటే అడుగు రేడియేటర్ పక్కన. చోటు కొలిచి, అది ఎక్కడ పెడతారో ముందు తేల్చుకున్నాకే మిగతా ఫిట్టింగుల ఆర్డర్ పెట్టండి.