బెంగ కారు: ఇద్దరు పిల్లలు, ఒకే సీటు

కుంభం అంచు (బరంపురం):

అందరికీ నమస్కారం. ఇక్కడ బండ్ల గురించి అడిగేవారంతా మైలేజీ గురించో, బ్యాంకు అప్పు గురించో అడుగుతారు. నా ప్రశ్న వేరు, అడగడానికి కాస్త సిగ్గుగానూ ఉంది. పిల్లలను బడి నుంచి తీసుకురావడానికి స్పోర్ట్స్ కారులో వెళ్తున్నాను. వెళ్లవచ్చా, మానేయాలా?

ముందు కారు సంగతి. దాని పేరు శాన్ స్టార్మ్. చాలామంది పేరు కూడా విని ఉండరు. 1990ల చివర్లో మన దేశంలోనే, గోవాలో తయారైన రెండు సీట్ల బండి. ఒళ్లు ఫైబర్‌గ్లాస్, ఇంజిను రెనో వారిది, 1149 సీసీ, అరవై హార్స్‌పవర్. అరవై అంటే నవ్వకండి, ఇవాళ మామూలు చిన్న కార్లలో చాలావాటికి అంతకంటే ఎక్కువే ఉంటుందని నాకూ తెలుసు. కానీ రోడ్డుకు అంత దగ్గరగా కూర్చుని వెళ్తుంటే నలభై కిలోమీటర్ల వేగం కూడా ఎనభైలా తోస్తుంది. నాకు కావలసింది అదే.

2001లో డిగ్రీ చదువుతుండగా గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డున, లైట్‌హౌస్‌కు వెళ్లే దారిలో మొదటిసారి చూశాను. ఎవరో పై ఊరి దంపతులది. వాళ్లు భోజనానికి వెళ్లిన గంటసేపూ దాని చుట్టూ తిరిగాను. చేయి మాత్రం వేయలేదు. అప్పటి నుంచీ మనసులో ఉండిపోయింది. డబ్బు కూడినప్పుడల్లా ఏదో ఒకటి వచ్చేది. ఒకసారి చెల్లెలి పెళ్లి. ఇంకోసారి 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను. అది గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది కదా, మాది బడా బజారులో పట్టుచీరల దుకాణం, పైకప్పు రేకులు లేచిపోయి రెండు బీరువాల సరుకు తడిసింది. తడిసిన పట్టుచీరను ఎవరు కొంటారు? జరీ నల్లబడి, కుంభం అంచు రంగు ఒంట్లోకి దిగి, చివరికి దిండు గలీబులకు అమ్ముకున్నాం. అందుకని కారు కొనేసరికి నాకు నలభై నాలుగేళ్లు వచ్చాయి. కిందటి ఏడాది బెంగళూరులో ఒకాయన దగ్గర కొని లారీ మీద తెప్పించాను. ఆకుపచ్చ రంగు.

ఇప్పుడు ఇబ్బంది. నాకు ఇద్దరు పిల్లలు. అమ్మాయి ఆరో తరగతి, అబ్బాయి రెండో తరగతి. కారులో నేను పోగా మిగిలేది ఒక్క సీటు. బడి ఇంటికి రెండున్నర కిలోమీటర్లు. ముందు చిన్నవాడిని ఇంట్లో దింపి, మళ్లీ వచ్చి అమ్మాయిని తీసుకువెళ్తున్నాను. మా ఆవిడ అభిప్రాయం ఇక్కడ రాయలేను.

అదలా ఉంచితే, పది రోజులుగా అమ్మాయి, "నాన్నా, గేటు దగ్గరికి రావద్దు, సందు చివర మందుల దుకాణం దగ్గర ఆపు" అంటోంది. ఎందుకని అడిగితే చెప్పదు. తరగతిలో పిల్లలు మన కారును బెంగ అని పిలుస్తున్నారని చిన్నవాడు చెప్పాడు. సరిహద్దుకు అటువైపు ఉన్నవారి కోసం చెబుతున్నాను: ఒడియాలో బెంగ అంటే కప్ప. తెలుగులో ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు. మా ఇంట్లో ఇప్పుడు రెండు బెంగలూ ఉన్నాయి.

ఇరవై నాలుగేళ్లు ఎదురుచూసిన బండిని సందు చివర దాచుకోవాలా? నిజం చెప్పండి, నొచ్చుకోను. (కొంచెం నొచ్చుకుంటాను.)

12-13 పానా (రాయగడ):

సోదరా, మనసు సంగతులు ఇతరులు చెబుతారు. నేను ఇనుము సంగతి చెబుతాను.

ఒకే సీటులో ఇద్దరు పిల్లలను ఇరికించకుండా రెండు ట్రిప్పులు వేస్తున్నారు, అది చాలా మంచి పని. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194బి సెక్షన్ ఉంది. పద్నాలుగేళ్లు నిండని పిల్లలకు బెల్టుగానీ, పిల్లల సీటుగానీ లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. ఒక బెల్టులో ఇద్దరు పట్టరు. జరిమానా సంగతి అటుంచండి, ఒకే బెల్టు కింద ఇద్దరు ఉన్నప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే ఒకరి తల ఇంకొకరి మొహానికి తగులుతుంది. నా షెడ్డుకు వచ్చిన ఒక బండిలో విరిగిన పాలపన్ను దొరికింది. అంతకంటే చెప్పను.

ఇక బెల్టు. ఆ బండి వయసు ఇరవై దాటింది. బెల్టు పట్టీ చూడటానికి బాగానే ఉంటుంది, కానీ ఎండకు నార చచ్చిపోతుంది. మొత్తం బయటకు లాగి, అంచుల వెంట గోరు పెట్టి చూడండి. పీచు లేస్తే ఆ రోజే మార్చండి. రెండో తరగతి పిల్లవాడికి పెద్దల బెల్టు భుజం మీద పడదు, మెడకు అడ్డంగా పడుతుంది. బూస్టర్ సీటు వేయండి. పిల్లవాడు సుమారు నూట నలభై అయిదు సెంటీమీటర్లు ఎదిగేవరకూ అది కావాలి.

ఫైబర్‌గ్లాస్ ఒళ్లు తుప్పు పట్టదు కాబట్టి బండి పైకి కొత్తగా కనిపిస్తుంది. మోసపోకండి. దాని కింద ఉన్నది ఇనుమే. మీది సముద్రం గాలి తగిలే ఊరు. జాకీ ఎత్తి, సీట్లు బిగించిన చోట, బెల్టు బోల్టులు దిగిన చోట స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. గుచ్చితే దిగిందంటే పిల్లలను ఎక్కించడం ఆపేయండి.

కాగితాలు ఎలాగూ చేయించే ఉంటారు. పదిహేనేళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్‌లో ఆరు వందల నుంచి అయిదు వేలకు పెరిగింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో పదివేలు చేశారు. ఇది విని మీ ఆవిడ ఏమన్నారో అదీ రాయకండి.

మా మజ్జిగౌరమ్మ దగ్గర పూజ చేయించకపోతే ఒక ఆదివారం ఇటు రండి. గుడి పని అయ్యాక నా షెడ్డుకు తీసుకురండి, కింద నేను చూస్తాను.

ప్రాణహిత గట్టు (సిరొంచ):

మహారాష్ట్ర చివరి నుంచి నాదొక మాట. మా వీధిలో నలుగురు పిల్లలు ఒక మోటారుసైకిలు మీద బడికి వెళ్తారు, అయిదోవాడు నడిపే తండ్రి. మీరేమో ఒక్కొక్కరికి ఒక్కొక్క ట్రిప్పు వేస్తూ తప్పు చేసినట్టు బాధపడుతున్నారు. బెంగ పెట్టుకోకండి. (ఈ మాట ఎవరో ఒకరు అనాలి కదా, నేను అనేశాను.)

నల్లబల్ల (పర్లాకిమిడి):

తమ్ముడూ, నేను ఇరవై ఆరేళ్లుగా బడిలో పని చేస్తున్నాను. అందులో చాలా ఏళ్లు సాయంత్రం గేటు డ్యూటీ. కాబట్టి గేటు వైపు నుంచి చెబుతాను.

మందుల దుకాణం దగ్గర ఆపమని మీ అమ్మాయి అనడం ఏ కారణం వల్లనైనా సరే, ఆపండి. గంట కొట్టిన పది నిమిషాలు గేటు ముందు ఆటోలు, వ్యాన్లు, స్కూటర్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మీ కారు పొట్టిది కాబట్టి దాని ముందు నిలబడ్డ పిల్లవాడు మీకు బాగానే కనిపిస్తాడు. ఈ విషయంలో ఎత్తయిన జీపులంటేనే నాకు భయం. కానీ వ్యాను వెనక్కి తీసేవాడికి మీ కారు అద్దంలో కనబడదు. అందులో మీ పిల్లవాడు ఉంటాడు.

ఇంకో మాట. మీరు చిన్నవాడిని దింపి వచ్చేదాకా అమ్మాయి ఎక్కడ ఉంటోంది? రాను పోను అయిదు కిలోమీటర్లు, ఆ రద్దీలో ఇరవై నిమిషాలకు తక్కువ పట్టదు. ఏప్రిల్‌లో పొద్దుటి బడి మొదలైతే పదిన్నరకు వదులుతాం. ఆ ఎండలో ఇరవై నిమిషాలు ఎంతసేపో మీకు తెలుసు.

ఇక సిగ్గు సంగతి. మా నాన్న రైల్వే గేటు కాపలాదారు. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైలు గుర్తుందా? 1900లో పర్లాకిమిడి వరకూ రాజావారు వేయించిన లైను, గుణుపురం దాకా తర్వాత పొడిగించారు. బ్రాడ్‌గేజీ కోసం 2004లో ఆపేశారు, 2011లో పెద్ద రైలు వచ్చింది. చిన్న రైలు రోజుల్లో బండికీ బండికీ మధ్య చాలా ఖాళీ ఉండేది. ఆ ఖాళీలో నాన్న నన్ను తీసుకువెళ్లడానికి బడికి వచ్చేవారు. ఖాకీ చొక్కా, చంకలో చుట్టిన రెండు జెండాలు, ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ. నన్ను చూడగానే పచ్చజెండా విప్పి ఊపేవారు. "నీ రైలు వచ్చింది" అని ఆడపిల్లలంతా నవ్వేవారు. నేను ఆయన వెనక పది అడుగుల దూరంలో, వేరే మనిషిలా నడిచేదాన్ని. జెండాలు ఇంట్లో పెట్టి రమ్మని ఏనాడూ అనలేదు. అంటే మానేసేవారు. అనలేక, వెనక నడిచి సరిపెట్టుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి చూసేవారు, మళ్లీ ముందుకు నడిచేవారు. ఏమీ అడిగేవారు కాదు.

మీ అమ్మాయి మీతో నోరు తెరిచి అంది. అది సిగ్గేనని మీరు అనుకుంటున్నారు, తను మాత్రం ఆ మాట అనలేదు కదా? ఇంకోసారి అడిగి చూడండి. ఇంట్లో కాదు, కారులో. పక్కపక్కన కూర్చుంటే పిల్లలు మొహం చూడకుండా మాట్లాడగలరు.

కుంభం అంచు (బరంపురం):

అక్కా, మీ జవాబు మూడుసార్లు చదివాను. పానా గారూ, మీది చదివి మర్నాడే జాకీ ఎత్తించాను. సీటు బోల్టులు గట్టిగానే ఉన్నాయి. బెల్టు పీచు లేచింది, ఎడమవైపుది.

నిన్న అమ్మాయిని కారులోనే అడిగాను. బడి ముందున్న వేగనిరోధకం మీద అడిగాను, ఎందుకంటే అక్కడ ఎలాగూ ఆగిపోతాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అది పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలట. టేపు పెట్టి చూస్తే మాది పదిహేను సెంటీమీటర్ల ఎత్తు, మీటరు వెడల్పు. ఎవరు పోశారో తెలియదు, తారు మిగిలితే పోసి వెళ్లినట్టు ఉంది. దాన్ని ఏటవాలుగా ఎక్కాలి: ముందు కుడి చక్రం, తర్వాత ఎడమ చక్రం, ఆ తర్వాత ఊపిరి బిగపట్టాలి. పొట్ట రాసుకుంటే గరగరమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినడానికే గేటు దగ్గర పిల్లలు గుంపుగా నిలబడతారని నాకు నిన్ననే తెలిసింది.

అమ్మాయి చెప్పింది ఇది. కారంటే దానికి సిగ్గు లేదు. నేను చిన్నవాడిని తీసుకుని వెళ్లిపోయాక, తిరిగి వచ్చేదాకా ఇరవై అయిదు నిమిషాలు గేటు దగ్గర ఒక్కతే నిలబడుతోంది. స్నేహితులంతా వెళ్లిపోతారు. ఆటో కోసం ఆగిన నలుగురైదుగురు మగపిల్లలు దాని చుట్టూ చేరి, నా కారు మలుపు తిరిగేవరకూ బెకబెకమంటారు. మందుల దుకాణం దగ్గరైతే లోపల బల్ల ఉంది, ఫ్యాను ఉంది, దుకాణం మామ్మ దాన్ని కూర్చోబెట్టుకుంటుంది. అంతే.

"ఈ మాట ముందే చెప్పవచ్చు కదమ్మా" అన్నాను. "నువ్వు కారు కొని సంతోషంగా ఉన్నావు కదా నాన్నా" అంది. కిటికీలోంచి బయటికి చూస్తూనే.

నేను కారు గురించే ఆలోచించాను, ఇరవై అయిదు నిమిషాల గురించి ఆలోచించలేదు. రెండో ట్రిప్పులో పిల్ల మొహం ఎందుకు వాడిపోయి ఉంటోందని మా ఆవిడ అడిగినప్పుడు ఎండ అన్నాను.

ఇవాళ్టి నుంచి ఏర్పాటు మారింది. దుకాణంలో తమ్ముడిని కూర్చోబెట్టి బడి గంట కొట్టకముందే బయలుదేరుతున్నాను. మా ఆవిడ స్కూటరు మీద వస్తోంది. ఒకరు కారు, ఒకరు స్కూటరు, ఇద్దరూ ఒకేసారి బయటికి. ఎవరు ఎందులో ఎక్కాలో రూపాయి బిళ్ల ఎగరవేసి తేల్చుకోమన్నాను. కారు కోసం కొట్టుకుంటారని అనుకున్నాను.

కొట్టుకున్నారు, స్కూటరు కోసం. స్కూటరు అయితే గిరి రోడ్డు మలుపులో గుప్‌చుప్ (మీ పానీపూరీ) బండి పక్కనే ఆగుతుంది. నా కారు ఆ గుంపులో ఆపడానికి వీల్లేదు, ఆపినా అంత కిందనుంచి చేయి చాపితే బండివాడికి కనబడదు. ఇవాళ ఓడిపోయింది చిన్నవాడు. బూస్టర్ సీటు మీద ఒళ్లో బడిసంచి పెట్టుకుని, ఇంటికి వచ్చేదాకా మెడ తిప్పి వెనక్కి చూస్తూనే ఉన్నాడు, అమ్మా అక్కా ఎక్కడ ఆగారో అని.

12-13 పానా (రాయగడ):

అదంతా బాగుంది. ఎడమవైపు బెల్టు మార్చారా?

కుంభం అంచు (బరంపురం):

మార్చాకే ఎక్కించాను పానా గారూ. కుడివైపుదీ మార్చాను.