అమ్మ ఎంఆర్ఐ రిపోర్టుల "వైట్ మ్యాటర్ చేంజెస్" అని రాసిండ్రు, ఎవరికన్న ఎరుకేనా?

మిర్యాలగూడ బిడ్డ:
అందరికీ నమస్తే. అమ్మకు అరవై ఎనిమిదేండ్లు. ఏడాది సంది నడక మారింది. అడుగులు చిన్నగ వేస్తది, వెనక్కి మర్రాలంటే నాలుగైదు అడుగులు పడుతయి. మతిమరుపు అందామంటే, ఎవరి పెండ్లి ఏ ఏడాది అయిందో, ఎవరు ఎంత కట్నం చదివించిన్రో అన్నీ చెప్తది. కానీ పొయ్యి మీద పప్పు పెట్టి, పోపుకు ముందుగాల ఏం తియ్యాల్నో తెల్వక డబ్బాల ముందర నిలబడ్తది. ఏదన్న అడిగితే జవాబు కరెక్టే, లేటుగ వస్తది. స్కానింగుల "పెరివెంట్రిక్యులర్ వైట్ మ్యాటర్ హైపర్‌ఇంటెన్సిటీస్, ఫజేకస్ గ్రేడ్ 2" అని ఉంది. చూసిన డాక్టరు "వయసు పెద్దమ్మా, గంతే" అని పంపిండు. బీపీ గోలీ ఉన్నది గని తలనొచ్చిన రోజే వేసుకుంటది.

పాలమూరు పోరడు:
మా నాయిన రిపోర్టుల గూడ ఉండె గిదే ముచ్చట, గ్రేడ్ 1. ఆయన ఇప్పటికీ ఒడ్ల తూకం, తరుగు, హమాలీ అన్నీ నోటిలెక్కనే చేస్తడు. పరేషాన్ కాకు అక్కా.

స్కానింగ్ రూం:
పోరడన్నా, 1కి 2కి తేడా ఉంది. ఫజేకస్ అనేది స్కానింగుల కనిపించే గీ తెల్ల మచ్చలకు 1987ల వచ్చిన కొలత, 0 నుంచి 3 దాక. మెదడు మధ్యల నీళ్లుండే గదులు ఉంటయి, వెంట్రికల్స్ అంటరు. వాటి అంచుకు పెన్సిల్ గీత లెక్క తెల్లగ కనిపిస్తే 1. చుట్టూ నున్నటి పట్టీ లెక్క మందంగ వస్తే 2. అంచు చెదిరి లోపలి దాక పాకితే 3. అరవై దాటినోళ్లల 1 మస్తు మందికి కనిపిస్తది, దాన్ని చూసి భయపడేది లేదు. 2 ఉండి, మనిషి నడక గూడ మారిందంటే "వయసు" అని పక్కకు పెట్టుడు నాకైతే నచ్చదు. ఇంకోటి, రిపోర్టు కాయిదం ఒక్కటే పట్టుకపోకున్రి. ఫిల్ములు, సీడీ ఉండాలె. న్యూరో డాక్టర్లు వాళ్ల కండ్లతోనే చూస్తరు.

దేవరకొండ ఫిజియో:
అక్కా, మీరు రాసిన పోపు డబ్బాల ముచ్చటనే అసలు సంగతి. మెదడు పైపొరల కణాలుంటయి, అడుగున వాటిని కలిపే నరాల పోగులుంటయి, వాటినే వైట్ మ్యాటర్ అంటరు. ఆ పోగులకు మైలిన్ అని కొవ్వుతోని తయారైన తొడుగు ఉంటది, బోరు మోటరు వైరుకు రబ్బరు లెక్క. తొడుగు మంచిగున్న మందపాటి పోగుల కబురు సెకనుకు 100 మీటర్ల దాక పోతది, తొడుగు లేని సన్న పోగులల్ల 1, 2 మీటర్లే. బీపీతోని సన్న రక్తనాళాలు గట్టిపడి, ఈ పోగులకు నెత్తురు సరిగ్గ అందకుంటే తొడుగు దెబ్బతింటది, అదే స్కానింగుల తెల్లగ కనిపిస్తది. యాదికి పెట్టుకునే జాగ వేరే, అది బాగనే ఉంటది కాబట్టి పాత ముచ్చట్లు పోవు. నుదుటి వెనక భాగం నుంచి పోయే దారులు దెబ్బతింటే, ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకొని పని చేసుడు, జవాబు తొందరగ చెప్పుడు, కాళ్లు కదిలించుడు నెమ్మదైతయి.

రెండు అడుగుతా. ఒంటికి పోవాలంటే ఆపుకోలేకపోతున్నదా? రిపోర్టుల వెంట్రికల్స్ పెద్దగైనయని ఉన్నదా? నడక, మూత్రం, ఆలోచన మూడూ ఒక్కసారి చెడి, ఆ గదులు ఉబ్బితే అది వేరే జబ్బు కావచ్చు, కొందరికి నీళ్లు తీసే పైపు వేస్తే నడక మంచిగైతది. బీ12 విటమిన్ గూడ చూపియ్యిన్రి. మన నల్లగొండ దిక్కు ఇంకోటి మర్వొద్దు: మర్రిగూడ, మునుగోడు బోర్ల నీళ్లు తాగి పెరిగినోళ్లకు ఫ్లోరైడుతోని వెన్నెముక గట్టిపడి, లోపలి నరాన్ని ఒత్తినా కాళ్లు బిగుసుకపోతయి. అది మెదడు స్కానింగుల దొరకదు.

మిర్యాలగూడ బిడ్డ:
ఒంటికి మాత్రం ఉరుకుతది, రాత్రి రెండుసార్లు లేస్తది. అమ్మ పుట్టిల్లు మునుగోడు దగ్గర్నే! మెడ మంచిగనే తిప్పుతది మరి. వెంట్రికల్స్ గురించి "మైల్డ్ ప్రామినెన్స్" అని ఉంది.

దేవరకొండ ఫిజియో:
అంటే కొంచెం పెద్దగున్నయని. మైల్డ్ అంటే మైల్డే కావచ్చు, అయినా డాక్టరును ఆ మాట అడుగున్రి.

నాగర్‌కర్నూల్ టీచరమ్మ:
మా బాపుకు పక్షవాతం వచ్చినప్పుడు ఇంకో తీరు చూసినం. మనం చెప్పింది అర్థమైతది, సొంతంగ గడగడ మాట్లాడ్తడు. "కుర్చీ అను బాపూ" అంటే మాత్రం "కుచ్చు... కుర్చ... అరే, కూసుండేది!" అనేటోడు. వినే భాగానికి, మాట్లాడే భాగానికి నడుమ ఆర్క్యుయేట్ ఫాసిక్యులస్ అనే పోగుల కట్ట ఉంటదట. ఇట్లాంటి మాట జబ్బు ఉండొచ్చని వెర్నికే అనే జర్మనీ డాక్టరు 1874లనే రాసిండు. ఇప్పటోళ్లు ఆ పోగులు ఒక్కటే కాదు, పక్కన పైపొర గూడ దెబ్బతింటేనే ఇట్లైతదని అంటున్నరు. 1892ల డెజెరిన్ అనే ఫ్రెంచి డాక్టరు ఇంకో పేషెంటు గురించి రాసిండు: ఆయన రాయగలడు, రాసింది తనే చదవలేడు. చూపు భాగం నుంచి అక్షరాల భాగానికి పోయే దారి తెగిందన్నట్టు. అయితే బాపుది ఒక్కసారిగ వచ్చింది, మీ అమ్మది మెల్లగ వచ్చింది. రెండూ ఒకటి కావు.

వనపర్తి అన్న:
తెల్ల మచ్చలంటే అన్నీ ఒకటి కావు. మా చెల్లెకు ముప్పై గూడ లేవు, ఒక కన్ను మసకబారింది, కన్ను తిప్పితే నొప్పి. ఆఖరికి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. ఒంట్ల రోగనిరోధక శక్తే ఆ తొడుగును తింటదట. చుట్టాలైతే మేనరికం అన్నరు. మాకు మేనరికమే లేదు! పిల్లలకొచ్చే ల్యూకోడిస్ట్రఫీలు, అంటే జన్యువుల తేడాతోని వైట్ మ్యాటర్ చెడే జబ్బులు, కొన్ని మేనరికంల ఎక్కువ, ఆ మాట నిజమే, కానీ అవి వేరే జబ్బులు.

సరస్వతీ ఆకు:
సరస్వతీ ఆకు రసం పొద్దుగాల తాపియ్యిన్రి, మెదడు కడిగినట్టైతది.

స్కానింగ్ రూం:
తాపియ్యిన్రి, బీపీ గోలీ మాత్రం బంద్ పెట్టకున్రి.

దేవరకొండ ఫిజియో:
ఆ గోలీ సంగతే చెప్దామనుకుంటున్న. అమెరికాల స్ప్రింట్ మైండ్ అని యాభై దాటిన బీపోళ్ల మీద పెద్ద పరీక్ష చేసిన్రు, 2019ల బయటికొచ్చింది. పై బీపీ 120 కిందికి తెచ్చినోళ్లల్ల దాదాపు నాలుగేండ్లకు తెల్ల మచ్చలు 0.92 ఘనపు సెంటీమీటర్లు పెరిగినయి, 140 కింద ఉంచినోళ్లల్ల 1.45. అంటే ఆగలే, నెమ్మదించింది. ఉన్న మచ్చ పోతదని ఎవరన్న అంటే నమ్మకున్రి. షుగరోళ్లను, పక్షవాతం వచ్చినోళ్లను ఆ పరీక్షల తీసుకోలే, కాబట్టి అందరికీ అదే లెక్క పెట్టరాదు. మీ అంతల మీరు డోసు పెంచితే కండ్లు తిరిగి పడి తుంటి ఇరుగుతది. రోజూ వేసుకునుడు మాత్రం ఇయ్యాలనే షురూ చెయ్యొచ్చు, తలనొప్పికి దానికి సంబంధం లేదు.

మిర్యాలగూడ బిడ్డ:
ఇప్పుడే ఆశా అక్కతోని చూపిచ్చిన, 168 బై 96! తలనొప్పి అసలే లేదంటది. సోమవారం ఫిల్ములు, సీడీ పట్టుకొని హైదరాబాద్ పోతున్నం.

పాలమూరు పోరడు:
అమ్మ నడిచేది ఫోన్ల వీడియో తియ్యి అక్కా, మర్రేటప్పుడు సుత. డాక్టరు ముందర అందరూ మంచిగనే నడుస్తరు.