చూడ చూడ రుచుల... జాడా, తీరా?

అక్షరబాట: వింటేజ్ పోర్టు అనే పోర్చుగల్ తీపి వైను మీద రాస్తున్న వ్యాసానికి వేమన పాదం ఒకటి కావాలి. "చూడ చూడ రుచుల... వేరు" అని నోట్లో ఆడుతోంది. మధ్యలో 'తీరు'నా, 'జాడ'నా? రెండుమూడేళ్లు పీపాలో ఉంచి వడకట్టకుండా సీసాకెత్తేది వింటేజ్. నాలుగు నుంచి ఆరేళ్లు ఉంచి ఎత్తేది ఎల్‌బీవీ, అంటే లేట్ బాటిల్డ్ వింటేజ్. లేతప్పుడు పక్కపక్కన పోస్తే రెండూ చిక్కటి నేరేడు రంగే. అందుకే ఈ పాదం.

ఆటవెలది: జాడే. 'తీరు' వేస్తే గణం నిలుస్తుంది, యతి పోతుంది. చూ, జా హల్లులు కలిసినా అచ్చులు కలవవు. పాదాన్ని కాస్తున్నది ప్రాసయతి, అంటే రెండో అక్షరాల పొత్తు: చూడ, జాడ. 'తీరు'లో డకారమేదీ?

గోదారిగట్టు: జాడ సరే, చిక్కంతా 'చూడ'తోనే. కంటితో చూడడం అని అర్థం చెప్పేస్తారు. "కూరలో ఉప్పు చూడమ్మా" అంటే కళ్లు పెట్టుకుని చూస్తామా? ఇదీ నాలుక చూపే.

చెమ్మచెక్క: నేనొప్పుకోను. 'తినగ తినగ వేము తియ్యనుండు' లాగే ఇదీ కాలం మాట. చూస్తూ పోగా పోగా తేలేది. పోర్టుకి అతికినట్టుంటుంది కూడా. లేతప్పుడు నల్లపండ్ల వాసన, నాలుక పట్టేసే ఒగరు. తర్వాత కొన్నేళ్లు మూగబోతుంది. ఇరవై దాటాక ఒగరు మెత్తబడి అత్తిపండు, ఎండుద్రాక్ష పైకొస్తాయి, అంచున ఇటుక రంగు దిగుతుంది.

గోదారిగట్టు: 'తినగ'లో గ ఉందండీ. 'చూడ'లో లేదు.

చెమ్మచెక్క: గ లేకపోతేనేం, అన్నంతమేగా, చివర 'అన్' ఉన్న రూపం. అసలు రూపం చూడఁజూడ. ద్రుతం, అంటే చివరి నకారం, మీద చకారం జకారమైంది.

తేటనీరు: పాదం సరే, వ్యాసంలో 'మడ్డి' అనే మాట మార్చండి. మడ్డి అంటే నూనె అడుగున వదులుగా దిగేది. పాత పోర్టులో సీసా పక్కకు పొరకట్టి అంటుకుంటుంది. 'పక్కు' అనాలి. పడుకోబెట్టి దాచిన సీసా మీది సున్నపు గీత ఎప్పుడూ పైకే ఉండాలి, పక్కు దానికి ఎదురు వైపున కడుతుంది కనుక. తాగే ముందురోజే నిలబెట్టాలి. మెడ కింద కొవ్వొత్తి పెట్టి ఒకే ధారగా వంచాలి. మధ్యలో ఆపి సీసా నిలబెట్టారా, అలకి అడుగంతా లేచిపోతుంది. నల్లటి దారంలాంటిది భుజం దాటి మెడకెక్కుతుంటే అక్కడితో ఆపెయ్యాలి. కార్కు పొడైపోతుంటే స్క్రూ పెట్టొద్దు. పటకారు ఎర్రగా కాల్చి, కార్కుకు దిగువన మెడను నిమిషం పాటు పట్టి, చన్నీళ్ల గుడ్డ చుడితే మెడ నున్నగా విరుగుతుంది.

అక్షరబాట: పక్కు అంటే పుండు గుర్తొస్తుందండీ. గోడసున్నంలా రేకులుగా ఊడుతుంది కాబట్టి 'పెచ్చు' అంటే?

తేటనీరు: ఊడాక పెచ్చే. అంటుకుని ఉన్నంతసేపూ పక్కే.

గోదారిగట్టు: ద్రుతం ఒప్పుకున్నాను, అర్థం మాత్రం ఒప్పుకోను. 'చూడ' పక్కనే 'రుచుల' ఉంది.