వంత పాడటం తిట్టెప్పుడయింది?

నిన్న మన గుంపులో ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నకి ఇది జవాబు. అతను విజయవాడలో డిగ్రీ చదువుతున్నాడు. టీవీలో నవ్వించడం, పాడటం రెండూ చేసే ఒక కళాకారుడి మీద వ్యాసం రాస్తూ, "మొదట్లో పెద్ద నటుల పక్కన వంత పాడుతూ పేరు తెచ్చుకున్నాడు" అన్నాడట. మాస్టారు ఆ వాక్యం కొట్టేసి, పక్కన "మనిషిని తక్కువ చేసినట్టుంది" అని రాశారట. మాట తప్పా, వాడిన చోటు తప్పా అని తమ్ముడి సందేహం.

మాస్టారిని తప్పుపట్టలేం. ఇవాళ పేపర్లో "ఫలానా నాయకుడికి వంత పాడుతున్నారు" అంటే బుర్ర ఊపేవాడనే అర్థం. కానీ బుర్రకథ చూసి పెరిగిన గుంటూరు మనిషిగా, ఈ మాటకి అన్యాయం జరిగిందని నాకు గట్టిగా అనిపిస్తుంది. అందుకే ఇంత పొడుగున రాస్తున్నాను.



బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ తంబురా పట్టుకుని, వేలికి అందె పెట్టుకుని చిందేస్తూ కథ నడిపేవాడు కథకుడు. అటూ ఇటూ గుమ్మెటలనే చిన్న వాద్యాలు వాయించే ఇద్దరూ వంతలు. వాళ్లలో ఒకడు హాస్యం చెబుతాడు, రెండోవాడు రాజకీయం చెబుతాడు. ఇద్దరికీ పాట రావాలి, తాళం తప్పకూడదు. ఇద్దరూ కథకుడు ఎత్తుకున్న చరణం చివర "తందాన తాన" అని అందుకోవాలి. అంతవరకే అయితే బుర్ర ఊపడమే అనుకోవచ్చు. కానీ పాట ఆగి వచనం మొదలైందా, వంత పని పూర్తిగా మారిపోతుంది. కథకుణ్ణి అడ్డుకోవాలి, అనుమానపడాలి, వెటకారం చెయ్యాలి, ఊళ్లోవాళ్ల మనసులో ఉన్న ప్రశ్న బయటికి అడగాలి.

పల్నాటి యుద్ధమే తీసుకోండి. ఇది నేను కల్పించిన మచ్చు మాత్రమే. ముందు కథకుడి మాట, దానికి హాస్యం చెప్పే వంత ఎదురుమాట:

"నాయకురాలు నాగమ్మ పందేనికి కాలు దువ్వింది!"
"కాలు దువ్వాల్సింది కోడి గదా గురూ?"
"కోడి తర్వాత దువ్వుద్దిలే. ముందు మనుషులు దువ్వాలి. ఓడినవాళ్లు ఏడేళ్లు ఊరొదిలి పోవాలని పందెం."
"కోడి ఓడితే మనిషి ఊరొదలాలా? కోడిని కోసుకు తింటే సరిపోయేది గదా!"

జనం ఇక్కడ నవ్వుతారు. ఆ నవ్వు తగ్గేలోపే రాజకీయం చెప్పేవాడు అందుకుని, పెద్దల పంతాలకి పేదవాడు ఎలా బలవుతాడో నాలుగు మాటలు అంటాడు. వెంటనే గుమ్మెట మోగుతుంది, ముగ్గురూ ఒకే శ్రుతిలో పాటలోకి దిగుతారు. నవ్వులోంచి పాటలోకి, పాటలోంచి కోపంలోకి లిప్తలో మారాలి. గొంతు మాత్రమే ఉన్నవాడికి ఇది చేతకాదు. టైమింగ్ ఉండి శ్రుతి లేనివాడికీ చేతకాదు.

మా జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఈ కళని ఏ ఎత్తుకి తీసుకెళ్లారో పెద్దవాళ్లకి చెప్పక్కర్లేదు. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన బుర్రకథ చెప్పింది కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి నీడన. 1940ల చివర్లో ఆ మండలి ప్రదర్శనల మీద మద్రాసు ప్రభుత్వం నిషేధం పెట్టింది. భజన చేసే కళ మీద ఏ ప్రభుత్వమూ నిషేధం పెట్టదు. నడుమ ఉన్న కథకుడి పాటకెంత భయపడ్డారో, పక్కనున్న వంతల మాటకీ అంతే భయపడి ఉంటారని నా నమ్మకం.

కింద వ్యాఖ్యల్లో ఒక అక్కయ్య మంచి ప్రశ్న వేశారు: "మరి 'ఆయన తందానా అంటే ఈయన తానా అంటాడు' అనే మాట కూడా బుర్రకథలోంచి వచ్చిందేగా? జనమే అలా అర్థం చేసుకున్నారుగా?"

నిజమే అక్కా. నా సమాధానం అందులోనే ఉంది. వంత చేసే పనిలో పాట సగం, మాట సగం. పాట సగంలో వాడు కథకుడి వెంట పలుకుతాడు, మాట సగంలో ఎదురు ప్రశ్నిస్తాడు. పాట చెవిలో నిలబడిపోయింది. మాటలు ఏ ఊరికా ఊరు, ఏ రాత్రికా రాత్రి కొత్తగా పుట్టేవి కాబట్టి నిలవలేదు. నుడికారం గుర్తున్న సగాన్నే పట్టుకుంది.

ఇక టీవీ సంగతి. ఈటీవీ 1995లో మొదలైంది. మరుసటి ఏడు పాడుతా తీయగా వచ్చింది, 2013లో జబర్దస్త్ వచ్చింది. రెండూ మా ఇంట్లో ఇష్టంగా చూసినవే. అయితే పాట ఒక కార్యక్రమం, నవ్వు ఇంకో కార్యక్రమం అయిపోయాయి. పాడే మనిషి ఒక పీటమీద, నవ్వించే మనిషి ఇంకో పీటమీద కూర్చున్నారు. రెండూ చేసే కళాకారుడు వస్తే "హాస్యనటుడు, గాయకుడు" అని నడుమ కామా పెట్టి రాస్తున్నాం. ఆ కామా మన పాత కళల్లో లేదు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామని ఆటపట్టించే చెలికత్తె మాధవి పాత్ర సూత్రధారుడిదే. పాటలో పాలు పంచుకునేదీ ఆయనే. సినిమాలోనూ కొంతకాలం ఇది నిలిచింది. హాస్యనటుడు రేలంగి తండ్రి సంగీతం, హరికథ నేర్పినవారు. కొడుకు పాతాళభైరవిలో, మిస్సమ్మలో నవ్విస్తూ తన పాట తనే పాడుకున్నారు.

స్కిట్ మధ్యలో పేరడీ ఎత్తుకుని, శ్రుతి చెడకుండా పాడి, చివరి పాదంలో పంచ్ పేల్చే టీవీ కళాకారుణ్ణి చూసినప్పుడు నాకు బుర్రకథలో హాస్యం చెప్పేవాడే కనిపిస్తాడు. అతనికి లేనిదల్లా రాజకీయం చెప్పే తోడు. ఆ లోటు పెద్దదే.

తమ్ముడూ, నీ మాట తప్పు కాదు. అయితే చదివేవాడికి పేపర్ అర్థమే ముందు తడుతుంది, కాబట్టి ఒక్క మాట జోడించు: "బుర్రకథలో హాస్యం చెప్పే వంతలాగా, పెద్ద నటుల పక్కన నిలబడి పాటకి పాట, మాటకి మాట అందించి పేరు తెచ్చుకున్నాడు." ఇలా రాసి మాస్టారికి మళ్లీ చూపించు. బుర్ర ఊపేవాణ్ణి అనాలనుకుంటే డూడూ బసవన్న ఉండనే ఉన్నాడు.